అద్దాలక్క మోడెం

ఆ వీధిలో ఆమెను అసలు పేరుతో పిలిచేది పోస్టుమాను ఒక్కడే, అదీ సంతకం పెట్టి తీసుకోవాల్సిన ఉత్తరం వచ్చిన రోజున. మిగతా అందరికీ ఆమె అద్దాలక్క. కళ్ళజోళ్ళ దుకాణం పెట్టుకున్న మనిషికి అంతకంటే మంచి పేరు ఎవరిస్తారు? ఆమెకంటే పాతికేళ్ళు పెద్దవాడైన పెద్దమనిషి కూడా గుమ్మంలోకి వస్తూనే "అద్దాలక్కా, అక్షరాలు చీమల్లా పాకుతున్నాయమ్మా" అంటాడు. ఆమె ఆయన్ని కుర్చీలో కూలేసి, ముక్కు మీద గుండ్రటి చక్రాల ఫ్రేము తగిలించి, గోడ మీది అక్షరాల అట్ట మీద దీపం వేసి, ఒక్కో అద్దం మారుస్తూ "ఇది బాగుందా, ముందుదా?" అని అడుగుతుంది. ఈ ప్రశ్న ఆమె నాలుకకు ఎంతగా అలవాటైపోయిందంటే, ఇంట్లో మొగుడు రెండు చొక్కాలు పట్టుకొచ్చి ఏది వేసుకోమంటావని అడిగినా, జవాబు చెప్పడానికి బదులు ఈ ప్రశ్నే వేస్తుంది.

కింద దుకాణం, వెనక వంటిల్లు, పైన ఒక గది. ఆ పై గదిలో రేడియో సెట్టు ఉంది, పాటలు వినేది కాదు, లైసెన్సు తీసుకుని దూరపు ఊళ్ళవాళ్ళతో మాట్లాడుకునేది. కిటికీలోంచి బయటకు పాకిన తీగ డాబా దాటి పక్కింటి గొట్టం దాకా వెళ్తుంది. మొదట్లో దానికీ బట్టలారేసే తీగకూ తేడా తెలియక ఆమె మొగుడు ఒకసారి దాని మీద దుప్పటి ఆరేశాడు. ఆ సాయంత్రం జరిగిన గొడవ గురించి ఆయన ఇప్పటికీ బస్సు డిపోలో చెబుతుంటాడు. "మా ఇంట్లో తువ్వాలు ఆరేయాలన్నా లైసెన్సు ఉండాల్రా." ఆయన సిటీ బస్సు డ్రైవరు. అతిశయోక్తి ఆయనకు గేరు మార్చినంత సులువు.

ఇలాంటి రేడియో వ్యసనం గురించి రాసేవాళ్ళు ప్రపంచాన్ని కలిపే వారధి అంటూ మొదలుపెడతారు. ప్రపంచం తన కాళ్ళ మీద తాను నిలబడగలదు. అద్దాలక్క కలుపుదామనుకున్నది ఒక్క తమ్ముణ్ణి.

తమ్ముడికి నత్తి. చిన్నప్పటినుంచీ ఉంది, బాగా ఉంది. మొదటి అక్షరం దగ్గరే బండి ఆగిపోయేది. వాళ్ళమ్మ దానికి ఒక సులువైన వైద్యం కనిపెట్టింది: వాడు ఎక్కడికి వెళ్తే అక్కడికి అక్కను కూడా పంపడం. బళ్ళో మాస్టారు వాణ్ణి ప్రశ్న అడిగితే పై తరగతిలోంచి అక్క పరుగెత్తుకొచ్చేది. కొట్లో వాడు "పె... పె..." అంటుంటే "పెన్సిలండీ" అని అక్క అనేది. వాడికి కావలసింది పెన్నని తర్వాత తేలేది. వాడు పెన్సిలుతోనే రాసుకునేవాడు. చుట్టాలంతా ఆ పిల్లను మెచ్చుకున్నారు: తమ్ముడికి నోరు అయిందట. వాడి సొంత నోరు ఏమైందని ఎవరూ అడగలేదు.

నత్తి ఉన్నవాళ్ళు సాధువులనీ, మౌనంలో వాళ్ళకేదో జ్ఞానం దొరుకుతుందనీ నమ్మే జనం కొందరున్నారు. ఈ తమ్ముడిలో సాధుత్వం పాలు చాలా తక్కువ. బయటికి రాని మాటలన్నీ లోపల ఊరి ఊరి వెటకారంగా తయారయ్యాయి. కాగితం చేతికిస్తే చాలు, చుట్టాల్లో ఒక్కణ్ణీ వదిలేవాడు కాదు. పదిహేనో ఏట వాడికి, వేలితో మీట టకటకలాడించి మాట్లాడే మోర్సు దొరికింది. చుక్కా గీతా, చుక్కా గీతా. వేలికి నత్తి లేదు. అక్కా తమ్ముడూ కలిసి చదివి, కలిసి పరీక్ష రాసి, ఒకే రోజున లైసెన్సులు తెచ్చుకున్నారు. తమ్ముడికి రెండు మార్కులు ఎక్కువొచ్చాయి. అక్క ఇప్పటికీ పేపరు దిద్దినవాణ్ణే అనుమానిస్తుంది.

తర్వాత అక్క దుకాణం పెట్టింది. తమ్ముడు నాలుగు కొలువులు మారి, చివరికి కొండ మీద స్థిరపడ్డాడు. ఊరికి ఉత్తరాన ఉన్న కొండల మధ్య, నడిచి వెళ్ళేవాళ్ళు రాత్రికి తల దాచుకోవడానికి నడకసంఘం కట్టించిన బస ఒకటుంది. రెండు గదులు, ఒక పొయ్యి, పన్నెండు మంచాలు, ఎండతో నిండే బ్యాటరీ. దానికి తమ్ముడే కాపలాదారు, వంటవాడు, మరమ్మతులవాడు. వచ్చినవాళ్ళు ఆయాసంతో వస్తారు కాబట్టి వాళ్ళూ మాట్లాడలేరు. అందరూ సమానమే. వాడికి ఆ బస ప్రాణం.

ఆ లోయలో ఫోను పలకదు. ఇన్నేళ్ళూ దాని అవసరం ఎవరికీ రాలేదు. కిందటి వానాకాలం ఒక నడకగాడు కాలు మెలిక పడి బసలో చిక్కుకుంటే, కింద ఉన్నవాళ్ళకు సంగతి తెలిసేసరికి అతని కాలు కూడా బాగైపోయింది. దాంతో నడకసంఘం సెక్రటరీకి చెమటలు పట్టాయి. ఆయన మోకాళ్ళరిగిపోయేదాకా కొండలెక్కిన మనిషి, ఇప్పుడు కాగితాలెక్కుతున్నాడు. ఈ ఏడు వానలు మొదలయ్యేలోగా, బస నుంచి ప్రతి సాయంత్రం కబురు దిగే ఏర్పాటు జరగాల్సిందే అన్నాడు. ఎవరెవరున్నారు, వాగు ఎంత ఎత్తులో ఉంది, దారి ఎలా ఉంది.

"బసలో మీ తమ్ముడి రేడియో ఉంది కదా. మైకులో చెప్పించండి" అన్నాడు సెక్రటరీ.

"మా తమ్ముడు మైకులో మాట్లాడడండీ."

"మోర్సు అన్నారుగా?"

"మోర్సులో అయితే గంటలు గంటలు చెబుతాడు."

"మీకు జ్వరమొచ్చి పడుకుంటే ఆ టకటకలు ఎవరు వింటారమ్మా? నాకు తెర మీద మాట కనిపించాలి. డ్యూటీలో ఎవరున్నా చదువుకునేలా ఉండాలి. లేకపోతే వానాకాలానికి మాట్లాడే మనిషిని పెట్టుకుంటాం. మీ తమ్ముణ్ణి కిందికి దింపుతాం."

కిందికి దిగితే ఏం చేయాలో కూడా అప్పటికే ఒకరు నిర్ణయించి పెట్టారు. బావగారు. బావమరిది మీద ప్రేమ పొంగి, డిపోలో పెద్దల కాళ్ళావేళ్ళా పడి, వాడికి ఉద్యోగం మాట్లాడాడు. కండక్టరు ఉద్యోగం. రోజంతా బస్సులో నిలబడి స్టాపుల పేర్లు కేకలేసే పని.

"మీకు బుద్ధుందా?" అంది అద్దాలక్క.

"ఏమే, అలవాటైతే అదే వస్తుంది. మా డిపోలో స్టాపు పేరు సరిగ్గా పలికే కండక్టరు ఒక్కడున్నాడా? ఎవరికీ అర్థం కాదు. వీడిదీ అర్థం కాదు. అందులో కలిసిపోతాడు."

అప్పుడు పట్టుకుంది అద్దాలక్క మోడెం అనే మాటను. తమ్ముడు పైన టైపు చేస్తాడు, కింద తెర మీద పడుతుంది. నత్తి ఊసే ఉండదు. రేడియో క్లబ్బును పై గదిలో సమావేశపరిచింది. క్లబ్బంటే అయిదుగురు, పాత బిస్కట్ల డబ్బా ఒకటి. ప్రెసిడెంటు గారు టెలిఫోను శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయిన మనిషి. విషయం క్షుణ్ణంగా తెలుసు. ఎక్కడ ఆపాలో తెలియదు.

మోడెం చేసే పని పైకి చిన్నదే. అక్షరాలను శబ్దంగా మార్చి సెట్టులో పోస్తుంది, అవతలి మోడెం ఆ శబ్దంలోంచి అక్షరాలను ఏరుకుంటుంది. ఎలాంటి శబ్దంగా మార్చాలన్న దగ్గరే పేచీ. ఒక పద్ధతి ఈలలది: ఒక్కో గుర్తుకు ఒక్కో స్వరం, హెచ్చుదీ తగ్గుదీ, నింపాదిగా ఒకదాని తర్వాత ఒకటి. ఎంత గోలలోనైనా ఈల వినబడుతుంది. కానీ నత్తనడక. రెండో పద్ధతి అడుగులది. స్వరం ఒక్కటే ఉంటుంది, కవాతులో నడుస్తున్నవాడు ఉన్నట్టుండి కాలు మార్చినట్టు మధ్యమధ్య అది అడుగు మార్చుకుంటుంది. రెండు రకాల అడుగులే పెట్టుకుంటే తేడా ఇట్టే తెలుస్తుంది. నాలుగు పెట్టుకుంటే ఒక్కో అడుగులో రెట్టింపు కబురు పడుతుంది, కానీ అడుగుకూ అడుగుకూ తేడా సన్నబడుతుంది. ఎనిమిదైతే మరీ సన్నం. ప్రెసిడెంటు గారి ముద్దుబిడ్డ మూడోది: అడుగు మార్పులతో పాటు శబ్దం హెచ్చుతగ్గులు కూడా కలిపి పదహారు రకాలు. "ఇందులో అయితే, మీ తమ్ముడు రిపోర్టుతో పాటు ఒక నవల కూడా పంపొచ్చు" అన్నాడాయన మెరిసే కళ్ళతో.

అద్దాలక్కకు ఇదంతా వింటుంటే గోడ మీది అట్ట కనిపించింది. పై వరుసలో బండెడంత అక్షరం ఒక్కటే ఉంటుంది, సగం చూపున్నవాడైనా చదువుతాడు. కిందికి పోయేకొద్దీ అక్షరాలు చిన్నవవుతాయి, వరుసకు ఎక్కువ పడతాయి. చివరి వరుసలో బోలెడంత సమాచారం ఉంటుంది, చదివేవాడు ఉండడు.

"ప్రెసిడెంటు గారూ, మధ్యలో అంత కొండుంది. చివరి వరుస చదవమంటే ఎలా? రెండడుగులది చూద్దాం" అంది.

ఆ రోజు ప్రెసిడెంటు గారు ఇంకో ముఖ్యమైన సంగతి కూడా చెప్పారు. "ఈల వేసేవాడి తల ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. అడుగు మార్చేవాడు కుంగి లేస్తాడు. ఎత్తు తక్కువ గదిలో నడిచేవాడికి ఇబ్బంది లేదు, గంతులేసేవాడికి తల బొప్పి కడుతుంది. అంచేత బలం..." సరిగ్గా ఆ మాట దగ్గర కింద దుకాణంలో గంట మోగింది. ఎవరిదో కళ్ళజోడు కాడ విరిగిందట. అద్దాలక్క లేచి వెళ్ళిపోయింది. మిగిలిన ముగ్గురూ బిస్కట్ల మీద దృష్టి పెట్టారు.

మొదటి ఆదివారం ఈలలు ప్రయత్నించారు. కబురు అటూ ఇటూ చక్కగా నడిచింది. తెర మీద పడేవి ఇంగ్లీషు అక్షరాలే అయినా మాట మనదే. కానీ ఆ రిపోర్టు దిగేసరికి పై బసలో బ్యాటరీ మొహం వేలాడేసింది. దానికి ఎండే తిండి. వానాకాలంలో అది సగం రోజులు పస్తుంటుంది. అంతసేపు కూస్తూ కూర్చోవడం దానివల్ల కాదు. సెక్రటరీ ఇవన్నీ విని తన భాషలో ఒక షరతు పెట్టాడు. "నేనొచ్చి కూర్చుంటాను. టీ పోయండి. అది చల్లారేలోగా రిపోర్టు దిగాలి. అంతే."

రెండో ఆదివారం రెండడుగుల పద్ధతికి మారారు. ఇక్కడ తిరకాసు మొదలైంది. తమ్ముడు పంపింది కింద అద్దంలా కనిపించింది. కింది మోడెం "అందింది" అని జవాబిచ్చింది. ఆ జవాబు పైకి చేరలేదు. అందలేదనుకుని పై మోడెం మొదటి ముక్కనే మళ్ళీ పంపింది. మళ్ళీ అందింది, మళ్ళీ జవాబు చేరలేదు. చెవిటి మామకు కథ చెప్పినట్టయింది వ్యవహారం.

అద్దాలక్కకు తన వృత్తి నేర్పిన మందు ఒకటుంది. ఎదుటివాడికి కనిపించకపోతే దీపం పెంచు. సెట్టులోకి శబ్దం పోసే బొత్తాన్ని ఈలల రోజునే బాగా పైకి తిప్పి పెట్టింది. ఇప్పుడు దాన్ని మళ్ళీ పట్టుకుని, బలం చూపించే సూది కుడి గోడకు ఆనుకుని ఇక కదలనని మొరాయించేదాకా తిప్పింది. "ఇంతకంటే గట్టిగా ఎవరూ చెప్పలేరు" అంది.

పని జరక్కపోతే ఈలల్లోకి దిగి మాట్లాడుకోవాలని ముందే ఒప్పందం. తమ్ముడు ఈలల్లోకి దిగాడు. తెర మీద ఒక్కో అక్షరం తాపీగా వచ్చి కూర్చుంది. "అక్కా నీ సి"

"సిగ్నల్ రాలేదంటున్నాడు" అని అద్దాలక్క పంపే మీట నొక్కేసింది. రేడియోలో ఒకరు పంపుతుంటే రెండోవాడికి నోరు లేనట్టే. తమ్ముడి మిగతా మాట కొండ అవతలే ఉండిపోయింది.

మూడో ఆదివారం "అక్కా చె" దాకా వచ్చింది. "సెట్టు చెడిపోయిందంటున్నాడు పాపం" అని, ఆ వారం కొండెక్కేవాళ్ళ చేత కొత్త వైరు పంపింది. నాలుగో ఆదివారం "అక్కా బొత్" దగ్గర ఎవరో బొత్తిగా వినబడటం లేదేమో అన్నారు, అందరూ అవునన్నారు, అక్క మీట నొక్కింది. కొత్త సౌండు కార్డు వెళ్ళింది. ఎర్త్ తీగ వెళ్ళింది. ప్రెసిడెంటు గారు కొండ వాలు మీద ఒక ఉపన్యాసం ఇచ్చారు. ఒకాయన పద్ధతే మార్చేద్దామన్నాడు, ఇంకొకాయన ఈలల సంఖ్య పెంచుదామన్నాడు. ఒక్క విషయంలో మాత్రం అందరిదీ ఒకే మాట. లోపం పైనే ఉంది. తమ్ముడి దగ్గరే ఏదో తేడా. చిన్నప్పటినుంచీ అందరూ అనుకుంటున్న మాటే కాబట్టి ఎవరికీ కొత్తగా అనిపించలేదు.

చివరి ఆదివారం వచ్చింది. మబ్బులు కొండ భుజాల మీదికి దిగుతున్నాయి. మధ్యాహ్నం సెక్రటరీ మెట్లెక్కుతూ ప్రతి మెట్టుకూ మోకాలిని పలకరించి, పై గదిలో కుర్చీ చూసుకుని కూలబడ్డాడు. బల్ల మీద టీ కప్పు పెట్టారు. ఆయన దాన్ని ముట్టుకోలేదు. గడియారాన్ని ఎవరు ముట్టుకుంటారు? డ్రైవరు బావ కూడా సెలవు పెట్టుకుని వచ్చి తలుపు దగ్గర నిలబడ్డాడు. చంకలో ఒక పొట్లం.

"అదేంటి?"

"కండక్టరు చొక్కా. కొలతకని తెచ్చా. వాడి భుజాలు నావంతే ఉంటాయి కదా?"

"కిందికి పోయి వీధిలో నిలబడండి."

ఆయన పోలేదు. అద్దాలక్క తల వంచుకుని సెట్టు పెట్టింది. సూది ఎప్పటిలాగే గోడకు ఆనుకుంది. తమ్ముడి రిపోర్టు మొదటి ముక్క వచ్చింది. జవాబు వెళ్ళింది. మొదటి ముక్క మళ్ళీ వచ్చింది. జవాబు వెళ్ళింది. మూడోసారి కూడా అదే ముక్క. "బసలో ఇద్దరు. బసలో ఇద్దరు. బసలో ఇద్దరు."

"ఆరుగురా?" అన్నాడు సెక్రటరీ.

ఎవరూ నవ్వలేదు. టీ మీది ఆవిరి సన్నబడింది. అద్దాలక్క చెయ్యి అలవాటు కొద్దీ బొత్తాం మీదికి పోయింది. తిప్పడానికి ఇంకేం మిగల్లేదు. అంతలో శబ్దం మారింది. తమ్ముడు ఈలల్లోకి దిగాడు.

"అక్కా"

గదిలో అందరూ తెర మీదికి వంగారు. "అక్కా ను"

"నువ్వేమంటున్నావో అర్థం కావట్లేదంటాడు" అన్నాడు క్లబ్బు మనిషొకడు.

"నువ్వే రిపోర్టు రాసేసుకో అంటాడేమో" అన్నాడు బావ.

"అక్కా నువ్"

"నువ్వు కిందికి రమ్మంటే వస్తానంటున్నాడు. ఇక చాలమ్మా, ఆయన్ని ఇబ్బంది పెట్టడమెందుకు" అన్నాడు సెక్రటరీ, మంచి మనసుతోనే.

అద్దాలక్క వేలు మీట మీద ఉంది. నోట్లో ఆమె వాక్యం కూడా తయారుగా ఉంది: సెట్టులో ఇంకా లోపముంది, ఒక్క వారం గడువివ్వండి. సరిగ్గా అప్పుడు గదిలో ముగ్గురు మూడు రకాలుగా తమ్ముడి మాట పూర్తి చేయడం ఆమె చెవిన పడింది. మూడూ వేరువేరు మాటలు. ముగ్గురూ ఎంత నమ్మకంగా అన్నారు. కొట్లో పెన్సిలు కొన్న పిల్ల గొంతు లాగే ఉన్నాయి ఆ గొంతులు.

వేలు తీసేసింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"అందరూ నోరు మూసుకోండి" అంది. సెక్రటరీ కూడా అందులో ఉన్నాడని తర్వాత గుర్తొచ్చి, "దయచేసి" అని చేర్చింది. "వాణ్ణి చెప్పనివ్వండి."

ఈలలు సాగాయి. హెచ్చు, తగ్గు, తగ్గు, హెచ్చు. ఒక్కో అక్షరం పడటానికి పట్టే సమయంలో మనిషి తన బతుకంతా ఒకసారి నెమరేసుకోవచ్చు. బావ రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. టీ చల్లారిపోయింది, దాని మీద పొర కట్టింది. ఎవరూ కదల్లేదు.

"అక్కా నువ్వు అరుస్తున్నావు. బొత్తాం తగ్గించు. నీ దారం పక్కన మూడేసి పోగులు లేస్తున్నాయి. నాలుగు వారాల నుంచి చెబుతున్నా."

మోడెం తెర మీద, వచ్చే శబ్దం సన్నని దారంలా కిందికి జారుతూ కనిపిస్తుంది. ఆ దారానికి అటూ ఇటూ పోగులు లేచాయంటే పంపేవాళ్ళు సెట్టు నెత్తి మీద కూర్చుని దాన్ని తోలుతున్నారన్నమాట. ఆ బొమ్మ పైన తమ్ముడికి కనిపిస్తుంది. కింద అక్కకు కనిపించదు. తన అరుపు తనకు వినబడదు కదా.

ప్రెసిడెంటు గారు నుదురు కొట్టుకున్నారు. "గంతులేసేవాడి తల! నేను చెప్పానా లేదా? పైకప్పుకు తగిలితే అడుగు తప్పుతుందని మొదటి రోజే చెప్పాను."

"నేనున్నప్పుడు చెప్పారా?"

"మీరెప్పుడున్నారు? మాట మధ్యలో లేచిపోయారుగా. ఈలలు ఆ బొత్తాంతో కూడా నడిచాయంటే కారణం అదే. ఈల గంతు వేయదు." ఆయన కాస్త తగ్గి, "సూది నేనైనా చూడాల్సింది" అన్నారు. "పదహారు రకాల గురించి ఆలోచిస్తూ ఉండిపోయాను."

అద్దాలక్క బొత్తాన్ని వెనక్కి తిప్పింది. సూది గోడను వదిలి, కిందికి దిగి, మొదట్లోనే ఎక్కడో సిగ్గుపడుతున్నట్టు ఆగింది. ఆ బలం చూస్తే ఆమెకు భయమేసింది. ఇంత నెమ్మదిగా చెబితే అంత కొండ ఎలా దాటుతుంది?

"సెక్రటరీ గారూ, ఇంకో కప్పు పోయిస్తాను."

"పోయించండి" అన్నాడాయన. "ఇది ఎలాగూ తాగలేను."

రెండో కప్పు వచ్చింది. రెండడుగుల పద్ధతి మొదలైంది. "బసలో ఇద్దరు" వచ్చింది. జవాబు వెళ్ళింది. తర్వాత వచ్చింది "వాగు మోకాలి లోతు". దాని తర్వాత దారి సంగతి, వంటచెరకు సంగతి, పైకప్పు మీద కారుతున్న రేకు సంగతి చకచకా దొర్లుకుంటూ వచ్చేశాయి. అద్దాలక్కలో కళ్ళు పరీక్ష చేసే మనిషి నిద్ర లేచింది. ఈలల నుంచి రెండడుగుల దాకా చదివాడు, ఇంకో వరుస కిందికి దింపితే? నాలుగడుగులకు మార్చి టైపు చేసింది: "ఇది బాగుందా, ముందుదా?"

"ఇదే బాగుంది. ఫీజు ఎంత?" అని వచ్చింది జవాబు.

ఎనిమిదికి దింపింది. తెర మీద చీమలు పాకాయి. మళ్ళీ నాలుగుకు ఎక్కింది. ప్రెసిడెంటు గారు ఆశగా గొంతు సవరించుకున్నారు. "ఒక్కసారి, సరదాకి, పదహారు..."

"చివరి వరుస చదివిస్తే కళ్ళు బాగుపడవండీ."

సెక్రటరీ టీ చేతిలోకి తీసుకుని ఒక గుటక వేశాడు. గది మొత్తం ఆయన మొహం చూసింది. ఆయన రెండో గుటక కూడా వేసి, "కాలుతోంది" అన్నాడు. తర్వాత జేబులోంచి కాగితం తీసి, వానాకాలం కాపలాదారు అన్నచోట ఖాళీగా వదిలేసిన గీత మీద తమ్ముడి పేరు రాశాడు. ఆ పేరేమిటో ఆయన కూడా అద్దాలక్కను అడిగే రాసుకున్నాడు.

అద్దాలక్క తమ్ముడికి టైపు చేసింది: "నాలుగు వారాలేంట్రా, ఎవరి చేతనైనా కాగితం పంపొచ్చు కదా?"

జవాబు ఇప్పుడు ఎంత తొందరగా వచ్చిందంటే, ఆమె ఊపిరి పీల్చుకునేలోగా తెర నిండింది. "పంపుదామనే అనుకున్నా. ప్రతి ఆదివారం ఈసారైనా నన్ను పూర్తి చేయనిస్తావేమోనని చూశా. నలభై ఏళ్ళు ఆగినవాణ్ణి, నాలుగు వారాలొక లెక్కా? అన్నట్టు ఆ వైరు, కార్డు మంచివి. తిరిగి ఇవ్వను. బావ అక్కడే ఉన్నాడా?"

"ఉన్నాడు. నీకు కండక్టరు చొక్కా తెచ్చాడు. నీ భుజాలు తనవంతే ఉంటాయట."

"భుజాలు నావంతే ఉంటాయి కానీ పొట్ట కాదు. ఆయన్నే తొడుక్కోమను. డ్రైవింగ్ ఎలాగూ రాదు కదా, కేకలేసే పనే బాగుంటుంది."

బావ తెర మీద అది రెండుసార్లు చదివి, పొట్లం చంకలోకి సర్దుకుని, "వీడికి నత్తి ఉన్నప్పుడే బాగుండేదే" అన్నాడు. తలుపు దాటే ముందు వెనక్కి తిరిగి నవ్వు దాచుకోబోయాడు, కుదరలేదు.

ఇప్పుడు ఆ సెట్టు బొత్తాం పక్కన ఎర్రటి గోళ్ళరంగు చుక్క ఒకటుంది. దాన్ని దాటి తిప్పకూడదు. సాయంత్రం డ్యూటీలో ఎవరున్నా చేసేది ఒకటే: ఈలలతో మొదలుపెట్టడం, ఒక్కో వరుసా కిందికి దింపుతూ పైవాణ్ణి అడగడం, చూపు తప్పిన చోటు నుంచి ఒక వరుస పైకి రావడం. ఆకాశం బాగున్న రోజున నాలుగడుగులు, మామూలు రోజున రెండు. ప్రెసిడెంటు గారు ఈ పని మోడెమే స్వయంగా చేసుకునేలా ప్రోగ్రాం రాసిపెట్టారు. అందులో ఒక మూల పదహారు కూడా ఉంది. ఎవరూ నొక్కరు. ఆయన కోసం ఉంచారు.

దుకాణంలో కూడా చిన్న మార్పు వచ్చింది. కుర్చీలో కూర్చున్నవాడు రెండో అక్షరం దగ్గర తడబడితే, ఇదివరకు ఆమె అందించేది. ఇప్పుడు అద్దం పట్టుకుని నిలబడుతుంది. కొందరు విసుక్కుంటున్నారు కూడా. "చెప్పొచ్చు కదమ్మా." "మీ కళ్ళు చెప్పాలండీ, నేను కాదు."

ఉరుములు మెరుపుల రోజుల్లో మాత్రం ఏ అడుగూ నిలవదు. ఈలలే గతి. బ్యాటరీ పస్తుంటుంది కాబట్టి రిపోర్టు నాలుగు ముక్కలు, ఆ తర్వాత ఓపిక మిగిలితే ఒక కబురు. అలాంటి ఒక సాయంత్రం, కిటికీ అద్దం మీద వాన దరువేస్తుంటే, డ్యూటీ దిగొచ్చిన బావ తడిసిన చొక్కాతోనే పైకెక్కి వచ్చి తెర ముందు నిలబడ్డాడు. రిపోర్టు అయిపోయింది. ఒక్కో అక్షరం వచ్చి కూర్చుంటోంది.

"బావా మీ బ"

"మీ బస్సు... మీ బట్టతల..." అన్నాడాయన. అద్దాలక్క చేత్తో ఒకటి వేసింది.

"ఎంతసేపే?"

"మీ బస్సు కంటే ముందే వస్తుంది లెండి. కూర్చోండి."